పెట్రోలు ఎక్కడ ఆగినది?

నాన్నగారు నడిపిన రెండు స్ట్రోకుల స్కూటరు ఇంకను మా యింట ఉన్నది. గత నెలలో అది నాలుగైదు కిలోమీటర్లు పోయి నిలిచిపోవడము, పది నిమిషములు ఆగితే మరల కదలడము మొదలుపెట్టినది. మెకానిక్కు చూచి, "కార్బురేటరు కొత్తది వేయాలి. దానికన్న పాత ఇనుముకు వేసేయడం మేలు" అన్నాడు. అమ్మ ముఖము చిన్నబోయినది. సరే, డబ్బు పెట్టే ముందు పెట్రోలు నడిచే దారిని మేమే ఒకసారి చూతమనుకొన్నాము.

ఈసారి బండి నిలిచిన చోటనే ప్లగ్గు విప్పినాము. పొడిగా ఉన్నది. అనగా పెట్రోలు ఇంజనుకు చేరడము లేదు. తడిగా ఉంటే పెట్రోలు చేరుతున్నట్లే. అప్పుడు నిప్పురవ్వ సరిగా వస్తున్నదా, పెట్రోలు ఎక్కువై ముంచుతున్నదా అని చూడవలెను.

ఈ బండ్లలో పంపు లేదు. సీటు క్రింది ట్యాంకునుండి పెట్రోలు తన బరువుతోనే దిగును. ఇంజను చల్లారిన తర్వాత, పొయ్యికీ బీడీకీ దూరముగా, పెరటిలో కార్బురేటరు వద్ద గొట్టము ఊడదీసి సీసా పట్టినాము. మొదట ధార బాగుగానే వచ్చినది. రానురాను సన్నగిల్లి చుక్కలైనది. ట్యాంకు మూత విప్పగానే మరల ధార కట్టినది!

అమ్మ చూచి, "నూనె డబ్బాకు ఒక్క బొక్కే పెడితే నూనె కారుతుందా? గాలికి ఇంకో బొక్క వద్దా?" అన్నది. అదే సంగతి. మూతలోని సన్నని గాలిరంధ్రము దుమ్ముతో పూడినది. గుండుసూదితో తీసినాము. దమ్మిడీ ఖర్చు కాలేదు.

మూత తీసినా ధార సన్నగానే ఉంటే, ట్యాంకు కొళాయి జల్లెడలో తుప్పు చేరినదేమో చూడవలెను. ధార బాగుండియు ప్లగ్గు పొడిగా ఉంటేనే కార్బురేటరు వంతు. దాని జెట్టును గాలితో ఊదవలెనే గాని తీగతో పొడవరాదు. రంధ్రము పెద్దదై పెట్రోలు దండుగ అగును.

ఇంకొక మాట. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు వచ్చినది. పాత రబ్బరు గొట్టములు దానికి మెత్తబడి చీలవచ్చును. అది తేమను కూడ పీల్చును. బండి నెలల తరబడి కదలకుంటే ట్యాంకు అడుగున నీరు చేరవచ్చును. అందుచేత మా గొట్టమును కూడ మార్చినాము.

శుక్రవారము అమ్మ ఆ బండిమీదనే గుడికి పోయి వచ్చినది. పాత బండికి కొత్త సామాను కొనే ముందు, పెట్రోలు ఎంతవరకు వచ్చి ఆగినదో చూచుకొనవలెనని మా మనవి.