సల్లబడ్డ డప్పు

పోయిన దసరాకి ముందు ఒక ఫ్రెండ్ ఫోన్ చేశాడు. షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడట. క్లైమాక్స్‌లో ఊరేగింపు, డప్పులు మోగాలి. "ఐదుగురిని పిలిస్తే కూలి ఇవ్వాలి, బండి పెట్టాలి, భోజనాలు పెట్టాలి. అంత బడ్జెట్ లేదురా. నువ్వు ల్యాప్‌టాప్‌లో కొట్టేసెయ్" అన్నాడు.

సరే అన్నాను. మా తాత డప్పు కొడతాడన్న సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. కాలేజీ రోజుల నుంచీ ఎవరికీ చెప్పలేదు లెండి.

నెట్‌లో రెడీమేడ్ డప్పు శాంపిళ్లు దొరుకుతాయి కదా అంటారేమో. దొరుకుతాయి. అందరి పాటల్లోనూ అవే మోగుతుంటాయి. నాకేమో సున్నా నుంచి శబ్దం పుట్టించాలని పంతం. దీన్నే సింథసిస్ అంటారు. రికార్డింగ్ ఏమీ ఉండదు, అంతా తరంగాలతో కట్టడమే.

ముందు అందరూ నేర్చుకునే కిక్ డ్రమ్ సంగతి చెప్తాను. ఒక సైన్ వేవ్ తీసుకోండి. దాని పిచ్ 200 హెర్ట్జ్ దగ్గర మొదలై, రెప్పపాటులో, అంటే 50 మిల్లీసెకన్లలో, 50 హెర్ట్జ్‌కి జారిపోవాలి. తర్వాత శబ్దం మెల్లగా చచ్చిపోవాలి. అంతే, 'ధమ్' అంటుంది. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 మెషీన్ చేసింది దాదాపు ఇదే. అప్పట్లో "ఇది అసలు డ్రమ్ములా లేదు" అని చాలామంది పెదవి విరిచారు. 1983కే తయారీ ఆగిపోయింది. ఇవాళ ఏ హిప్‌హాప్ పాట విన్నా అందులో దాని నీడ ఉంటుంది. మన దేశంలోనూ 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే ముంబై సంగీతకారుడు అదే మెషీన్ పెట్టుకుని పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించేశాడు. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది.

కిక్ తేలికే. డప్పు దగ్గరే నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఎందుకంటే తోలు తీగలాంటిది కాదు. వీణ తీగ మీటితే 100 హెర్ట్జ్‌తో పాటు 200, 300, 400 పలుకుతాయి. లెక్క సరిగ్గా కుదురుతుంది, అందుకే శ్రుతి తెలుస్తుంది. గుండ్రంగా బిగించిన తోలు అలా పలకదు. మొదటి స్వరానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు... ఇలా వంకర లెక్కలు. మృదంగానికి మధ్యలో నల్లటి కరణి పెట్టి ఆ వంకరను ఎలా సరిచేశారో సి.వి. రామన్ 1920లోనే రాశారు. డప్పుకి కరణి లేదు. దాని అందమే ఆ గరుకుదనం.

కాబట్టి నేను 150 హెర్ట్జ్ దగ్గర ఒక సైన్ వేవ్, దాని మీద 239, 320 దగ్గర ఇంకో రెండు పెట్టాను. పుల్ల తగిలే 'టక్' కోసం 15 మిల్లీసెకన్ల తెల్ల నాయిస్ కలిపాను. రెండు రాత్రులు కూర్చున్నాను. మూడో రోజు ఊరెళ్లి, తాత చెవికి హెడ్‌ఫోన్స్ పెట్టాను.

కళ్లు మూసుకుని విన్నాడు. తీసేసి, "మంచిగనే ఉన్నది బిడ్డా. గని సల్లబడ్డ డప్పు ఇది. కాపలేదా?" అన్నాడు.

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. డప్పు కొట్టే ముందు మంటకు కాపుతారు. వేడికి తోలు బిగుసుకుంటుంది, పిచ్ పెరుగుతుంది, మోత పదునెక్కుతుంది. చల్లారితే మళ్లీ బొద్దుగా పలుకుతుంది. నేను పిచ్ తక్కువ పెట్టాను, మోత ఎక్కువసేపు సాగనిచ్చాను. తాత ఆ రెండు తప్పుల్నీ ఒక్క ముక్కలో పట్టేశాడు.

"ఇంకోటి. రెండు చేతులూ ఒక్కతీరే కొడుతున్నవ్. చిర్ర లావుగుంటది, చిటికెన పుల్ల సన్నగుంటది. రెండు ఒక్క తీరు ఎట్ల పలుకుతయ్?"

అక్కడే అరుగు మీద కూర్చుని సరిచేశాను. పిచ్ 210కి ఎక్కించి, మిగతా రెండింటినీ అదే లెక్కలో పైకి జరిపాను. మోత సగానికి కోశాను. రెండు పుల్లలకీ రెండు వేరు శబ్దాలు చేశాను. ఏ రెండు దెబ్బలూ అచ్చం ఒకేలా రాకుండా జోరు, పిచ్ కొద్దికొద్దిగా మార్చాను. ఈసారి తాత వేళ్లు మోకాలి మీద ఆడాయి.

నేను గెలిచాననుకుంటుండగా అడిగాడు: "దీనికి నీకెంత ఇస్తున్నరు?"

చెప్పాను.

"మరి మేం ఐదుగురం ఉంటిమి గద?"

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. డీజే బాక్సులు వచ్చాక పెళ్లిళ్లకి పిలిచేవాళ్లు తగ్గారని నాకు తెలుసు. ఇప్పుడు ఆ బాక్సు ఇంట్లోకే వచ్చింది, అదీ మనవడి చేతిలో.

ఫ్రెండ్‌కి ఫోన్ చేసి మా తాత గురించి మొదటిసారి చెప్పాను. నా డబ్బుల్లో సగం తగ్గించుకుని, తాతనీ ఆయన జతగాణ్నీ ఒక పూట రికార్డింగ్‌కి పిలిపించాను. సినిమాలో ముందు వినపడే డప్పులు వాళ్లవి. వెనక గుంపు మోత నాది. టైటిల్స్‌లో 'డప్పు' అన్నచోట ఇద్దరి పేర్లూ పడ్డాయి. మిగతా ముగ్గురికి మాత్రం ఆ రోజు పని లేదు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

సింథసిస్ మానెయ్యమని మాత్రం చెప్పను. లోకంలో లేని శబ్దం చేయడానికి అంతకన్నా మంచి దారి లేదు. ఉన్న శబ్దాన్ని చేసేటప్పుడు మాత్రం, అది ఎవరి చేతిలోంచి వస్తుందో ఒకసారి వెళ్లి కలవండి. బీటూ బాగుపడుతుంది.

ఈ వారం మీ పని: వైటల్ అనే సింథసైజర్ ఉచితంగా దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌లో వేసుకుని పైన చెప్పిన కిక్ చేయండి. తర్వాత మీ ఫోన్ స్పీకర్‌లో వినండి. మాయమైపోతుంది! అంత చిన్న స్పీకర్ 50 హెర్ట్జ్ పలికించలేదు. కంగారుపడకుండా కొంచెం డిస్టార్షన్ కలపండి. 100, 150, 200, ఆ పైన కూడా స్వరాలు పుడతాయి. వాటిని విని, లేని 50ని మన మెదడే పూరించుకుంటుంది.

అన్నట్టు, ఊళ్లో పెద్దవాళ్లకి కూడా వినిపించండి. ప్లగిన్ చెప్పని మాట వాళ్లు చెప్తారు.