కొండమీద రీడింగు - లాబ్‌లో వంటకం

ముందుగా ఒక నేరం ఒప్పుకుంటాను. బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమన్నారు. యాభై డోలనాలు లెక్కపెట్టాలి. ముప్ఫై దగ్గర పక్క బెంచీవాడు మాటినీ సంగతెత్తాడు. లెక్క తప్పింది. మళ్లీ మొదలెట్టే ఓపిక లేదు. జవాబు 980 రావాలని లోకమంతటికీ తెలిసిందే కదా! అందుకని 980 నుంచి వెనక్కి లెక్క కట్టి, కాలాలు వేసి, నమ్మేటట్టు ఉండటానికి ఒకటి రెండు చోట్ల కాస్త అటూ ఇటూ జరిపి రికార్డు నింపేశాను. 979.6 వచ్చింది. కింద ఎర్ర సిరాతో 'గుడ్' అని పడింది.

దీన్ని మనవాళ్లు 'రీడింగులు వండటం' అంటారు. ఈ కాలేజీలో చదివినవారిలో ఈ వంట రానివారు ఎందరున్నారో నాకు తెలియదు. నాకైతే ఒక్కరూ తగల్లేదు. పూర్వ విద్యార్థులు నవ్వుకుంటూ ఉంటారు. వారి కాలంలో వంట ఇంకా రుచిగా ఉండేదని విన్నాను. ఇందులో పోయిందేముంది, ఎవరి సొమ్ము పోయింది, అని నేనూ అనుకున్నాను. బెన్ నెవిస్ కథ చదివేదాకా అలాగే అనుకున్నాను.

బెన్ నెవిస్ అంటే స్కాట్లండులోని కొండ. బ్రిటన్ మొత్తానికి అదే ఎత్తయినది. మన లెక్కలో మరీ పెద్ద కొండేమీ కాదు, 4,400 అడుగుల పైచిలుకు. మన అరకు దగ్గర గాలికొండ దాన్ని మించిపోతుంది. కానీ అక్కడి శీతాకాలం వేరు. ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల చుట్టుపక్కలే. ఎక్కువ రోజులు శిఖరం మబ్బులోనే మునిగి ఉంటుంది. వానా మంచూ కలిపి సంవత్సరానికి సుమారు 4,000 మిల్లీమీటర్లు. విశాఖపట్నంలో నాలుగేళ్ల వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందనుకోండి, ఇంచుమించుగా.

అలాంటి చోట వాతావరణం కొలవాలని స్కాటిష్ మెటియరలాజికల్ సొసైటీవారికి బుద్ధి పుట్టింది. 1881లో క్లెమెంట్ రాగ్ అనే ఆయన ముందుకొచ్చాడు. ఆ వేసవీ, మరుసటి వేసవీ ప్రతిరోజూ తెల్లవారకముందే లేచి, కొండెక్కి, రీడింగులు తీసుకుని దిగివచ్చేవాడు. అదే సమయానికి కింద ఫోర్ట్ విలియంలో ఆయన భార్య రీడింగులు తీసేది. పైదీ కిందదీ ఒకే గంటలో ఉంటేనే కదా పోల్చి చూడగలిగేది. రోజూ అంత కొండ! మన క్లాసు మూడో అంతస్తులో ఉంటే మనం చేసే గోల గుర్తుకొచ్చి సిగ్గేసింది. సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. తీరా ప్రజల చందాలతో 1883లో శిఖరం మీద రాతి భవనం కట్టాక, దాని సూపరింటెండెంటు ఉద్యోగం మాత్రం ఇంకొకరికిచ్చింది. పతకాలిచ్చి పంపేయడం మన దేశంలోనే ఉందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఆ భవనంలో 1883 నుంచి 1904 దాకా ముగ్గురు నలుగురు మనుషులు శీతాకాలాలు గడిపారు. గంట గంటకీ రీడింగు. పగలూ రాత్రీ, ఆదివారం, క్రిస్మస్సు, అన్నీ ఒకటే. బొగ్గూ డబ్బా తిండీ మంచు పడకముందే గుర్రాల మీద పైకి చేర్చుకోవాలి. తర్వాత నెలల తరబడి దారి ఉండదు. మంచు పది అడుగులు పేరుకున్నప్పుడు తలుపు ఎక్కడుందో కనిపించదు. అందుకని పైన ఒక బురుజు కట్టి అందులోంచి బయటికొచ్చేవారు. కింది తలుపు కావాలంటే మంచులో సొరంగం తవ్వుకోవాలి, తవ్వింది తెల్లారేసరికి పూడుకుపోతుంది.

థర్మామీటర్లుండే చెక్క పెట్టెను మనం స్టీవెన్సన్ స్క్రీన్ అంటాం. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ ఆ సొసైటీ మనిషే. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి. అక్కడ ఆ పెట్టెను నిచ్చెనలాంటి స్టాండుకు తగిలించేవారు. మంచు పెరిగేకొద్దీ పెట్టెను మెట్టు మెట్టుగా పైకి జరపాలి. లేకపోతే గాలి వేడి బదులు మంచుగడ్డ వేడి కొలిచినట్టవుతుంది. మబ్బులోని తేమ తగిలినచోటల్లా ఈకల్లా గడ్డకట్టేది. స్క్రీన్ రెక్కలు మూసుకుపోతే దాన్ని లోపలికి తెచ్చి కరిగించి, మారు పెట్టె తగిలించేవారు. గాలిమరలు కూడా ఆ మంచుకే బిగుసుకుపోయేవి. అప్పుడు గాలి జోరును మనిషే ఒళ్లు ఆనించి, నిలబడగలిగినంతసేపు నిలబడి అంచనా కట్టి, అంకె వేయాలి.

నన్ను పట్టేసింది ఇంతకంటే చిన్న విషయం. మరీ పెనుగాలి వీచే రాత్రి స్క్రీన్ దాకా పోవడం కుదరదు. పోతే తిరిగి రాలేరు. ఆ గంటకు బయటి రీడింగు లేదు, అంతే. ఒక్కసారి ఆలోచించండి. ముందు గంటది చేతిలో ఉంది, తరువాతి గంటది రాబోతోంది. మధ్యలో ఒక అంకె వేస్తే పట్టుకునే నాథుడెవడు? కొండమీద ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ లేడు. వెచ్చగా పొయ్యి పక్కన కూర్చుని నెలకు సరిపడా రీడింగులు వండుకోవచ్చు. నాకైతే ఆ రాత్రి ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేసి ఉండేవాణ్ణో బాగా తెలుసు. లోలకం కథ చెప్పాను కదా.

పనికొచ్చిందా అదంతా అని అడిగేవారికి ఒక సంగతి. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్రవాడు రెండు వారాలు అక్కడ బదిలీ డ్యూటీ చేశాడు. మబ్బు మీద ఎండ పడి ఏర్పడే రంగు వలయాలు చూసి ముచ్చటపడ్డాడు. వాటిని కేంబ్రిడ్జి లాబ్‌లో తయారుచేద్దామని గాజుపాత్రలో మబ్బు పుట్టించడం మొదలెట్టాడు. అదే చివరకు మన సిలబస్‌లో ఉన్న క్లౌడ్ చాంబర్. 1927లో నోబెల్ బహుమతి. మనం 'విల్సన్ క్లౌడ్ చాంబర్, నిర్మాణము, పనిచేయు విధానము' అని బట్టీ పట్టి పది మార్కులకు రాశాం; దాని వెనక ఒక కొండా మబ్బూ ఉన్నాయని ఏ గైడూ చెప్పలేదు.

అంత జరిగాక కూడా 1904లో దాన్ని మూసేశారు. డబ్బు లేదు. ప్రభుత్వం ఇచ్చే సాయం చాలలేదు, చందాలు ఎన్నాళ్లని వస్తాయి? ఇప్పుడక్కడ గోడల శిథిలాలున్నాయి. కానీ లెడ్జర్లు మిగిలాయి. నూట పదేళ్లు దాటాక, 2017లో, రెడింగ్ విశ్వవిద్యాలయంవారు వాటి పేజీలను కంప్యూటరెక్కించడానికి సాయం పట్టమని జనాన్ని పిలిచారు. వేలమంది తమ ఇళ్లలో కూర్చుని అంకె అంకె టైపు చేశారు. అలా కాపాడిన పాత రీడింగుల సాయంతో 1903 ఫిబ్రవరి నాటి తుపానును శాస్త్రజ్ఞులు మళ్లీ లెక్కగట్టి చూడగలిగారు. చలికి వణుకుతూ అంకె వేసినవాడికి కంప్యూటరంటే ఏమిటో తెలియదు. వాడు వండి ఉంటే? వండిన అంకెలు కూడా కంప్యూటరులోకి అంతే శుభ్రంగా ఎక్కేవి. దానికి తేడా తెలియదు.

మన లెక్చరర్లలో ఒకరు ఇది విని, 'ఇప్పుడన్నీ ఆటోమేటిక్ కదయ్యా, మనిషెందుకు?' అన్నారు. నిజమే, జపానువారు ఫ్యూజీ శిఖరం మీద 1932 నుంచి ఏడాది పొడవునా మనుషుల్ని ఉంచి, 2004లో దింపేశారు. నేను యంత్రాలకు వ్యతిరేకిని కాదు. అయితే గాలి రికార్డు సంగతి చూడండి. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ల గాలి కొలిచారు. ఆ తెల్లవారుజామున ఒకాయన దుడ్డుకర్ర పట్టుకుని నిచ్చెనెక్కి పరికరానికి పట్టిన మంచు కొట్టి వచ్చాడు. అంకె చూసి గంతులేయలేదు. పరికరాన్ని పరీక్షకు పెట్టి, సరిగానే ఉందని తేలాక నమ్మారు. 1996లో ఆస్ట్రేలియా తీరంలో బారో ద్వీపం దగ్గర ఒక తుపానులో మనిషిలేని యంత్రం 253 మైళ్లు నమోదుచేసింది. ఆ అంకెకు ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తింపు వచ్చింది 2010లో. యంత్రం అబద్ధమాడలేదు, పాపం. నిజమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. మౌంట్ వాషింగ్టన్ మీద ఈ రోజుకీ మనుషులుంటున్నారు, చలికాలంలో గంట గంటకీ మంచు కొడుతున్నారు.

విదేశాల గొప్పలు చాలు అంటారా? 1840లోనే విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, నక్షత్రాలతోపాటు వాతావరణం కూడా రాసిపెట్టించారు. బెన్ నెవిస్ కంటే నలభై ఏళ్లు ముందు మొదలైంది. దాని పేరు మన ఫిజిక్సు విద్యార్థుల్లో ఎంతమంది విన్నారో చేతులెత్తమనండి. నేను విన్నది కిందటేడే.

ఇక అసలు విషయం. మన సైన్సు బ్లాకు డాబా మీద ఒక స్టీవెన్సన్ స్క్రీన్ ఉంది. రంగు పోయింది, రెండు రెక్కలు విరిగాయి, లోపల పావురం కాపురం పెట్టింది. వేడి కొలిచే థర్మామీటరు బాగానే ఉంది, తడిబల్బుకు గుడ్డ మార్చాలి. వానమాపకం గరాటు తుప్పుపట్టింది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఈ సావనీరు రంగుల అట్టకైన దాంట్లో సగం కూడా ఉండదని వడ్రంగి చెప్పాడు. యూనియన్ వారిని అడిగాను. 'దానివల్ల స్టూడెంట్సుకి ఏమిటి లాభం?' అన్నారు. లోలకం నాటి నేనైతే ఆ ప్రశ్నే వేసేవాణ్ణి కనుక కోపం రాలేదు.

పావురాన్ని సంక్రాంతి సెలవుల్లో వేరే చోటికి మార్చాం. పక్కన ఒక నోటుబుక్కు కట్టాం. ఉదయం ఎనిమిదిన్నరకి, సాయంత్రం అయిదున్నరకి రీడింగు. ఇప్పటికి నలుగురమే ఉన్నాం; నలభై ఒక్క రోజుల్లో పదిహేడు గడులు ఖాళీ ఉన్నాయి. అందులో ఆరు నావే, పరీక్షలప్పుడు నిద్ర లేవలేదు. పక్కన అలాగే రాశాం, 'నిద్ర' అని. వచ్చే ఏడు మా నలుగురిలో ముగ్గురం కాలేజీ వదిలి వెళ్లిపోతున్నాం. డాబా తాళంచెవి అటెండరు గారి దగ్గర ఉంది, అడిగితే ఇస్తారు.