భూమి లోపలి సంగతి మన పిల్లలకూ తెలియాలి

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు అడవిలో భూమి కంపించింది. తీవ్రత 5.3. మేడారం చుట్టుపక్కల గూడేల నుంచి హైదరాబాదు దాకా ఆ కదలిక తెలిసింది. ఆ వారం మా బడిలో పిల్లలు అడిగారు: "సార్, భూమి లోపల ఏముంది?" పుస్తకంలోని మూడు రంగుల గుండ్రటి బొమ్మ చూపించాను. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. బతుకుకు చాలదు.

రష్యాలోని కోలాలో 1970లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి బోరు వేశారు. 12,262 మీటర్లకు మించి దిగలేకపోయారు. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. వెయ్యి పాళ్లలో రెండు పాళ్లు కూడా దిగలేదన్నమాట. మిగతాది చాలావరకు భూకంపపు అలలను బట్టి తెలుసుకున్నదే. అవి గట్టి రాయిలో ఒకలా, కరిగిన ఇనుములో ఒకలా నడుస్తాయి. 1897లో ఖాసీ, గారో కొండలను కుదిపేసిన అస్సాం భూకంపాన్ని పరిశీలించి ఓల్డ్‌హామ్ ఆ అలల రకాలను వేరుచేశాడు. 1906లో భూమికి కేంద్రమండలం ఉందని చూపాడు. 1936లో డెన్మార్క్ మహిళ ఇంగె లేమాన్ అందులోనే ఇంకో లోపలి మండలం ఉందని తేల్చింది. ఇప్పుడు కంప్యూటర్లు అవే అలలతో, ఆసుపత్రి స్కానింగులా, భూమి లోపలి బొమ్మ గీస్తున్నాయి. ఇంటర్నెట్ కోసం పాతిన ఫైబర్ కేబుళ్లతో కూడా ప్రకంపనలు కొలుస్తున్నారు.

"ఇవన్నీ ఆదివాసీ పిల్లలకెందుకు?" అనేవాళ్లున్నారు. "అది గనులోళ్ల చదువు, మనకొద్దు" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఇద్దరిదీ తప్పే. భూమిని తెలుసుకోవడం వేరు, తవ్వుకుపోవడం వేరు. కానీ రెండింటికీ వాడే విద్య ఒకటే. బొగ్గు, చమురు ఎక్కడుందో ఈ అలలతోనే వెతుకుతారు. సర్వే మ్యాపు మన గూడేనికి వచ్చిన రోజు దాన్ని చదివేవాళ్లు మనలో లేకపోతే, 1996 పెసా చట్టం గుర్తించిన గ్రామసభలో కూర్చుని కూడా వేలిముద్ర వేసి లేచి వస్తాం.

టీచర్ మిత్రులారా, మన జేబులోని ఫోన్‌లో కదలికను పసిగట్టే సెన్సార్ ఉంది. దాన్ని చూపే ఉచిత యాప్‌లున్నాయి. ఫోన్ బల్ల మీద పెట్టి పక్కన పిల్లల్ని ఎగరమనండి. గీత ఎలా లేస్తుందో చూపించండి. కోయలో, గోండిలో, వాళ్ల ఇంటి మాటలోనే చెప్పండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, భూమి లోపలి సంగతి పరిశోధించే సంస్థ హైదరాబాదులోనే ఉంది, ఎన్‌జీఆర్‌ఐ. అక్కడి యంత్రాల ముందు మన పిల్లలు కూడా కూర్చోవాలి. కంపించింది మన అడవే కదా!