ఊకెనే వచ్చిన

ఉచిత బస్సు మీద వినవచ్చే విమర్శల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. "పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారు" అన్నది. టీ కొట్ల దగ్గరా, పెళ్లి భోజనాల్లోనూ, ఆఖరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే మాట. అనేవాళ్లంతా మగవాళ్లేం కారు. సీటు దొరక్క రోజూ నిలబడి డ్యూటీకి వెళ్లే ఆడవాళ్లూ అంటున్నారు. వాళ్ల విసుగులో న్యాయం ఉంది. గిరాకీ పడిపోయిందన్న ఆటోవాళ్ల గోడులోనూ న్యాయం ఉంది. ఆ సంగతులు ఇంకో వారం మాట్లాడుకుందాం. ఈ వారం మాత్రం ఊరికే తిరిగే ఆడవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. 2025 జూలై నాటికి అలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం పండగ చేసింది. ఆ మరుసటి నెల 15వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో మొదలుపెట్టారు. మంత్రులు దీని గురించి చెప్పేటప్పుడు ఆసుపత్రికి వెళ్లే తల్లి, కాలేజీకి వెళ్లే పిల్ల, కూరగాయలు అమ్ముకునే అవ్వ తప్పకుండా వస్తారు. అన్నీ పనికొచ్చే ప్రయాణాలే. స్నేహితురాలి ఇంటికి వెళ్లిన మనిషి ఏ ఉపన్యాసంలోనూ కనపడదు. ఆమె లబ్ధిదారు కాదు కాబోలు.

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో నా పక్కన కూర్చున్నావిడను గంగాధర దాటేదాకా నేను సరిగా చూడనే లేదు. చేతిలో సంచి, నెత్తి మీద కొంగు, కిటికీ వైపు మొహం. కండక్టర్ వచ్చి "ఆధార్ తియ్యిండ్రమ్మా" అంటే ఇద్దరం తీశాం. ఆమె కార్డు మీద పేరు నా కంటపడింది. ఎరిగిన పేరు కాదు. టికెట్లు తీసుకున్నాం. నేను నా టికెట్‌ను పర్సులో పడేశాను. ఆమె తన టికెట్‌ను మునివేళ్ల మధ్య పెట్టి, చూడకుండానే, ఒక కొస సన్నగా ఇంకో కొస లావుగా చుట్టడం మొదలుపెట్టింది. చుట్టాక లావు కొసను బొటనవేలి గోటితో లోపలికి నొక్కింది. నాలుగు నొక్కులు, నాలుగు వైపులా. బీడీ మూసినట్టే.

మా ప్రాంతంలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఊరికి సగం మంది. ఆ చేతివాటం చూసి ఎవరినీ పోల్చుకోలేం. కానీ దొరికిన ప్రతి కాగితాన్నీ, చాక్లెట్ రేపర్‌నీ, పరీక్ష హాలులో ప్రశ్నాపత్రాన్ని కూడా ఇలా చుట్టి పారేసిన పిల్ల నాకు ఒక్కతే తెలుసు.

"మీది ఏ ఊరమ్మా?" అని అడిగాను. 

"ఎందుకు మేడం?" అంది. అని, చెప్పింది. మా ఊరే.

"ఏందే, గుర్తువట్టలేదా?" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది, తర్వాత నా చేతి గడియారం వైపు, చెప్పుల వైపు చూసింది. మళ్లీ మొహంలోకి చూసి నా భుజం మీద ఒక్కటి చరిచింది. బస్సులో నలుగురు తలలు తిప్పారు. "ఎన్నేండ్లాయెనే!" అన్న మాట ఆ తర్వాత వచ్చింది, దెబ్బ ముందు వచ్చింది.

ముప్పై ఏళ్లకు పైమాటే. పదో తరగతి పరీక్షలయ్యాక నేను ఇంటర్‌కి జగిత్యాల వెళ్లాను, తర్వాత ఇంకా దూరం. ఆమెకు ఆ ఎండాకాలమే పెళ్లయింది. అత్తగారి పేరు, కోడలి పేరు ఒక్కటే కావడంతో పెళ్లినాడే ఈమె పేరు మార్చారట. ఇంటిపేరు ఎలాగూ మారింది. ఫేస్‌బుక్‌లో ఏ పేరు పెట్టి వెతకాలి? పైగా ఆమెకు ఫేస్‌బుక్ లేదు. ఉన్న ఒక్క ఫోనూ చాలాకాలం ఇంటికంతటికీ ఉమ్మడి. ఆమె మొగుడు దుబాయిలో ఉన్నన్నాళ్లూ అది ఆయన ఫోన్ కోసం ఎదురుచూసే ఫోను.

ఇప్పుడాయన తిరిగొచ్చాడు. "మా ఆయనకు వాళ్ల బ్యాచోళ్లందరు దొరికిండ్రు వాట్సాప్‌ల" అని చెప్పింది, కుళ్లుకుంటున్నట్టేమీ కాదు, వార్త చెప్పినట్టు. ఈ బ్యాచ్‌ల సంగతి మీకూ తెలిసిందే. దసరాకో సంక్రాంతికో ఎండాకాలంలోనో జిల్లా పేజీల నిండా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు. ఫ్లెక్సీ, సార్లకు శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం చికెన్. నాకు వాటి మీద కోపం లేదు. నేనూ వెళ్లాను. కానీ ఆ గ్రూపు ఫొటోల్లో ఆడవాళ్లను లెక్కపెట్టి చూడండి. ఓ పక్కన ముగ్గురో నలుగురో, టీచరమ్మలో నర్సులో అంగన్‌వాడీ వాళ్లో, సొంత జీతమూ సొంత ఫోన్ నంబరూ ఉన్నవాళ్లు. మిగతా సగం తరగతి ఏమైందని మైకు పట్టుకున్న వక్తలు ఎవరూ అడగరు. "అమ్మాయిల నంబర్లు దొరకలేదు" అన్న మాటతో సరిపెడతారు. దొరక్కపోవడం వాళ్ల తప్పయినట్టు.

పదో తరగతికీ పెళ్లికీ మధ్య దూరం ఇప్పటికీ పెద్దగా లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల వయసు ఆడపిల్లల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. వీళ్లకు చదువు పోయింది, ఆరోగ్యం పోయింది అని రాస్తాం. నిజమే. వీళ్లకు స్నేహితులు కూడా పోయారని ఎక్కడా రాయం. రాస్తే చిన్న విషయంలా కనిపిస్తుందేమో.

మన పురాణాల్లో స్నేహం పెద్ద విషయమే, మగవాళ్ల మధ్య అయితే. అటుకుల మూటతో వెళ్లిన కుచేలుడికి ద్వారక తలుపులు తెరుచుకున్నాయి. వెళ్లి రమ్మని పోరి పంపింది ఆయన భార్య. ఆవిడకూ చిన్ననాటి నేస్తం ఒకతె ఏ ఊళ్లోనో ఉండే ఉంటుంది. పోతన భాగవతం ఎన్నిసార్లు చదివినా ఆ ఊసు దొరకదు. ఇక శాకుంతలం చూడండి. నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయల్దేరుతూ, ప్రియంవద వాళ్లు ఇక్కడినుంచే వెనక్కి వెళ్లిపోతారా అని తండ్రిని అడుగుతుంది. వీళ్లూ పెళ్లి కావలసిన పిల్లలే, అక్కడికి రావడం బాగుండదు, గౌతమి తోడు వస్తుందిలే అంటాడు కణ్వుడు. అంతే. పోయిన ఉంగరం చేప కడుపులోంచి తిరిగొస్తుంది. మరిచిన మొగుడికి జ్ఞాపకం తిరిగొస్తుంది. సింహం పిల్లతో ఆడుకుంటూ కొడుకు తండ్రి కంటపడతాడు. ఏడు అంకాల నాటకంలో ఆ నాలుగో అంకం తర్వాత ప్రియంవదా అనసూయా రంగం మీదికి రారు. కాళిదాసును తప్పుపట్టడానికి లేదు. ఆయన చూసిన లోకంలో జరిగేదే రాశాడు.

మా దగ్గర అంత నిర్దయ లేదనే చెప్పాలి. బతుకమ్మ ఉంది. పెళ్లయిన ఆడపిల్ల సద్దులకు తల్లిగారింటికి వస్తుంది. తంగేడుపూలు, గునుగుపూలు పేర్చుకుని చెరువుకట్టకు వెళ్తే అక్కడ తనలాగే వచ్చిన దోస్తులు కనపడతారు. ఏడాదికోసారి, రెండు మూడు రోజులు. పెళ్లయిన తొలినాళ్లలో మేమిద్దరం అలా కలిసినవాళ్లమే. అయితే ఆ ఏర్పాటంతా ఒక మనిషి ప్రాణం మీద నడుస్తుంది. అమ్మ. అమ్మ పోయాక తల్లిగారిల్లు అన్నగారిల్లు అవుతుంది, ఇంకో పదేళ్లకు మేనల్లుడి ఇల్లవుతుంది. పిలుపు వస్తుంది, చీర పెడతారు, మర్యాదకు లోటుండదు. చాప పరుచుకుని నాలుగు రోజులు పడుండే చనువు మాత్రం పోతుంది. "అవ్వ పోయినంక నేను ఊరికి వోవుడే తక్కువాయె" అంది ఆమె. నాకూ అంతే. అమ్మతోపాటు మేం ఒకరికొకరం కూడా లేకుండా పోయాం. ఆ సంగతి ఆనాడు తెలియలేదు.

కొండగట్టు దగ్గర చాలామంది దిగారు, ఇంకా ఎక్కువమంది ఎక్కారు. అప్పటిదాకా మేం పిల్లల గురించి, కోడళ్ల గురించి, బీపీ మాత్రల గురించి మాట్లాడుకున్నాం. అంటే ఒకరికి తెలిసిన మనుషుల గురించి ఇంకొకరికి తెలియని కబుర్లు. చిన్ననాటి స్నేహితులు కలిస్తే ఈ తడబాటు తప్పదు. ఎక్కడ పనిచేస్తున్నావు, ఇల్లు కట్టావా, పిల్లలు ఏం చదివారు అన్న ప్రశ్నలన్నీ మంచిమాటలే గానీ, వాటిలో ఎవరు ఎక్కడిదాకా వచ్చారన్న కొలత ఉంటుంది. ఆమె నా చెప్పుల వైపు చూసింది అందుకే. నేను ఆమె సంచి వైపు చూడలేదని చెప్పను.

తర్వాత చాట దగ్గరికి వచ్చాం. బడి అయ్యాక ఆమె ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. రాత్రి నానబెట్టిన తునికాకు తడిగుడ్డలో చుట్టి ఉండేది. రేకు అచ్చు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం ఆమె పని. కొసలు మూయడం నా పని. నాకు చుట్టడం చేతకాలేదు, ఇప్పటికీ రాదు. ఇరవై అయిదు బీడీలకో కట్ట. వాళ్లమ్మ చెప్పిన లెక్క పూర్తయితే గానీ ఆమె ఆటకు రావడానికి లేదు, అందుకని నేను చేతులు పెట్టేదాన్ని. ఒళ్లంతా తంబాకు వాసనతో ఇంటికి వెళ్తే మా అమ్మ బావి దగ్గరే నిలబెట్టి నీళ్లు గుమ్మరించేది. కార్ఖానాలో కట్టలు చూసే ఆయన నేను మూసిన బీడీలు ఏరి మరీ పక్కన పడేసేవాడట. ఆ సంగతి ఆమె నాకు ఇన్నేళ్లూ చెప్పలేదు. "చెప్తే నువ్వు రావని" అంది. 

అలా జగిత్యాల వచ్చేసింది. నంబర్లు రాసుకున్నాం, ఈసారి ఎవరి నంబరు వాళ్లది.

నెల తిరక్కుండానే నేను వాళ్లింటికి వెళ్లాను. అసలు చిక్కంతా అక్కడ అర్థమైంది. వాకిట్లో మంచం మీద కూర్చున్న అత్తగారు, ఎనభై దాటిన మనిషి, "ఏం పనిమీద వచ్చినవు బిడ్డా?" అని అడిగింది. "ఊకెనే వచ్చినమ్మా" అన్నాను. ఆవిడ తలూపింది. మంచినీళ్లు తాగాక మళ్లీ అడిగింది. చాయ్ తాగాక ఇంకోసారి అడిగింది. పెళ్లిపత్రిక తీస్తానేమో, చిట్టీలో చేరమంటానేమో, పాలసీ కట్టమంటానేమో అని పాపం ఓపికగా ఎదురుచూసింది. నేను ఏ కాగితమూ బయటికి తీయకపోయేసరికి ఆవిడ అనుమానం ఇంకా పెరిగింది. వెళ్లేటప్పుడు కోడలితో "అప్పు గిట్ల అడిగిందా?" అని గుసగుసగా అడగడం నాకు వినపడింది.

ఆవిడ తప్పేముంది? ఆవిడ బతుకులో ఆడమనిషి గడప దాటడానికి ఒప్పుదల ఉన్న కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పెళ్లి, చావు, పురుడు, దవాఖానా, గుడి, తల్లిగారిల్లు. పొలమూ కార్ఖానా సరే, అవి పనులు. మగవాడు పొద్దుగూకాక చెప్పులు తొడుక్కుంటూ "ఇప్పుడే వస్త" అంటాడు. ఎక్కడికని అడిగేవాళ్లు లేరు. అడిగినా చెప్పడు. సెంటర్‌లో నిలబడి మాట్లాడుకునేవాళ్లను పనీపాటా లేనివాళ్లని మనం తిట్టుకోవచ్చు గానీ, ఆ నిలబడే హక్కు మీద కేసు వేసినవాళ్లు ఎవరూ లేరు.

బస్సు చార్జీ ఒక అడ్డం మాత్రమే. అది పోయింది, సంతోషం. కానీ అంత చిన్న అడ్డం వెనకాల ఎంత పెద్ద అడ్డం దాక్కుని ఉందో అది తీశాకే కనపడుతోంది. ఇన్నాళ్లూ "ఊకెనే పైసలు దండుగ" అంటే ఆ మాటకు ఎదురు లేదు. ఇప్పుడు దండుగయ్యే పైసల్లేవు కాబట్టి "ఊకెనే ఎందుకు" అన్నది ఒక్కటే మిగిలింది. బస్సుల్లో ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారన్న ఫిర్యాదు నాకు నచ్చిందని మొదట్లో అన్నది ఇందుకే. అది నిజమే అయితే, ఆ 200 కోట్లలో ఓ చిన్న వంతు అయినా అలాంటివి ఉంటే, ఈ పథకం పెట్టినవాళ్లు కూడా అనుకోని మేలు జరుగుతున్నట్టు. ఆర్టీసీ డ్రైవర్లకూ కండక్టర్లకూ పని భారం పెరిగిన మాట వాస్తవం. ఆ బరువు దించాల్సింది బస్సులు పెంచి, ఎక్కేవాళ్లను ఏరి కాదు.

ఇక వచ్చే మంగళవారం ఆమె కరీంనగర్ వస్తోంది. మొదట కొండగట్టు మొక్కు అని చెబుదామనుకుంది, కానీ మంగళవారం కొండగట్టంటే అత్తగారూ బయల్దేరతానంటుంది. అందుకని పీఎఫ్ పని పెట్టుకుంది. అది అబద్ధమేం కాదు. ఆమె పీఎఫ్ కార్డు పెళ్లికి ముందు పేరు మీద ఉంది, ఆధార్ పెళ్లి తర్వాతి పేరు మీద ఉంది. రెండూ ఒక్క మనిషేనని రుజువు చేయాలి. చిన్నప్పటినుంచీ ఎరిగిన సాక్షిగా నేను కూడా వస్తానన్నాను.

"ఒక్కరోజుల అయిపోతదంటవా?" అని అడిగాను ఫోన్‌లో.

"ఎందుకైతదే! పేరు మార్చుడంటే ఉత్తదా? ఎంత లేదన్నా నాలుగైదు మాట్ల తిరగాలె" అంది, చాలా సంతోషంగా.