ఆగస్టులో నీడ మాయమయ్యే రోజు

హైదరాబాద్‌లో ఏటా రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి, నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. మేలో బడులకు సెలవులు. ఆగస్టులో మాత్రం పిల్లలు బడిలోనే ఉంటారు. (మబ్బులు కరుణించాలి, అది వేరే సంగతి.)

2023లో చంద్రయాన్-3 దిగుతుంటే బడుల్లో టీవీలు పెట్టారు. మంచిదే. కానీ చూపించడం వేరు, కొలిపించడం వేరు. జులై చివర్నుంచి ఐదో తరగతి పిల్లలచేత రోజూ నీడ కొలిపిస్తే, మొదట దక్షిణానికి పడ్డ నీడ కురచబడి, మాయమై, తర్వాత ఉత్తరానికి మారడం వాళ్లే కనిపెడతారు. తిరుపతిలో ఆ రోజు ఇంకా ఆలస్యంగా ఎందుకొస్తుందని అడిగిన పిల్లకు సగం పాఠం వచ్చేసినట్టే.

టెలిస్కోపుకు నిధుల్లేవన్న సాకు ఇక్కడ చెల్లదు. కర్ర, స్కేలు, సుద్దముక్క చాలు. సిలబస్ ఒత్తిడిలోంచి ఆ కాస్త సమయాన్ని విడిపించాల్సింది విద్యాశాఖే.