మన పిల్లల పుట్టినరోజులు మన చేతుల్తోనే చేద్దాం!

తోటి తల్లిదండ్రులారా!

పోయిన ఆదివారం మన కమ్యూనిటీ హాల్లో జరిగిన భాగోతం అందరూ చూశారు. ‘రెట్రో గేమ్ థీమ్’ అట. గోడకు నిలువెత్తు మారియో ఫ్లెక్సీ, దాని ముందు పసుపు థర్మోకోల్ పెట్టెలు, వాటి మీద ప్రశ్నార్థకాలు. పుట్టినరోజు పిల్ల పరుగున వెళ్లి, ఎగిరి, ఒక పెట్టెను పిడికిలితో గుద్దబోయింది. ఆ ఆటలో చేసేదే అది! ఈవెంట్ కుర్రాడు చెయ్యి పట్టి ఆపేశాడు. ‘‘ముట్టుకోకు పాపా, రేపు ఇంకో పార్టీకి వెళ్లాలి ఇవి’’ అన్నాడు.

ఎవరి పుట్టినరోజండీ అది?

సాయంత్రమంతా పిల్లల చెవిన పడ్డది ఆ ఒక్క మాటే. బెలూన్లు ముట్టుకోవద్దు, ఫొటోలు కాలేదు. కేకు ముట్టుకోవద్దు, వీడియో కాలేదు. మైకు పట్టుకున్న యాంకరమ్మ ఆడించిన ఆటలేమో పెద్దవాళ్ల రీల్స్ కోసం. తొమ్మిదయ్యేసరికి మారియోని చుట్టచుట్టి వ్యాన్లో పడేసుకుని పోయారు. హాలు మనది, డబ్బు మనది, పిల్లలు మనవాళ్లు. పెత్తనం మాత్రం వాళ్లది!

అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. మన హాల్లో అమలవుతున్న నిషేధం ఒక్కటే, పిల్లల చేతుల మీద.

అసలు వాళ్లు థీమ్‌గా అమ్మే ఈ రెట్రో ఆటలు పుట్టిందే లేమిలో. 1981లో ‘డాంకీ కాంగ్’ ఆట కోసం గేమ్ డిజైనర్ మియమోతో ఒక మనిషి బొమ్మ వేయాల్సి వచ్చింది. ఉన్న కాసిని చుక్కల్లో నోరు కుదరక మీసం పెట్టాడు, జుట్టు కుదరక టోపీ పెట్టాడు. ఆ మనిషే మారియో. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. చోటు చాలక మేఘం బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి పొద అనిపించారు. 1984లో మాస్కోలో పజిత్నోవ్ ‘టెట్రిస్’ రాసిన కంప్యూటర్‌కు బొమ్మలు వేయడమే రాదు; బ్రాకెట్ గుర్తులతో దిమ్మెలు పేర్చాడు. తొంభైల్లో మనమో? వీధికొక టీవీ గేమ్, దాని ముందు పదిమంది. ‘9999 ఇన్ 1’ క్యాసెట్లో తిప్పితిప్పి అవే ఆటలు. ఆడకపోతే ఊది పెట్టాం, మళ్లీ ఆడాం. ఉన్నదాంతో నెట్టుకొచ్చిన ఆ తెలివినే ఇవాళ సిల్వర్, గోల్డ్, ప్లాటినం ప్యాకేజీలుగా మనకే అమ్ముతున్నారు. బేరమాడి మరీ కొంటున్నాం. సిగ్గుచేటు!

కావలసినవి ఇంట్లోనే ఉన్నాయి. కొరియర్లో వచ్చిన అట్టపెట్టెలకు పసుపు చార్ట్ అంటించండి. ప్రశ్నార్థకాలు పిల్లల్నే గీయనివ్వండి, వంకరగా వస్తే రానివ్వండి. అడుగు తీసేసి పల్చటి కాగితం అతికించి, లోపల బంగారు రేకు చాక్లెట్లు పోసి వేలాడదీయండి. ఎగిరి గుద్దితే రాలాలి. హాలు నేల మీద రంగు టేపుతో ‘ప్యాక్‌మ్యాన్’ ఆటలోలా దారులు వేయండి. అందులోని నాలుగు దెయ్యాలకు నాలుగు పాత చున్నీలు చాలు: ఎరుపు, గులాబీ, లేతనీలం, నారింజ. గీత దాటినవాడు ఔట్. దిబ్బరొట్టెలోంచి ఒక ముక్క కోసి తీస్తే ప్యాక్‌మ్యాన్ తయారు. దాని నోటిముందు వరసగా రవ్వలడ్లు పెట్టండి.

‘టైము లేదు’ అంటారా? ప్యాకేజీల కోసం వారమంతా ఫోన్లు చేయడానికి ఎక్కడిది? ‘నలుగురూ ఏమనుకుంటారు’ అంటారా? ఆ నలుగురూ బిర్యానీ తిని చెయ్యి కడుక్కుని పోతారు. ‘ఈవెంట్ వాళ్ల పొట్ట కొడతారా’ అంటారా? పెళ్లిళ్లున్నాయి, చేసుకోమనండి.

మన డిమాండ్లు:

1. పన్నెండేళ్లలోపు పిల్లల పుట్టినరోజులకు ఈవెంట్ ప్యాకేజీలను హాల్లోకి రానివ్వకూడదు.

2. ముందురోజు సాయంత్రమే హాలు తాళాలు ఇవ్వాలి. అలంకరణ పిల్లలే చేసుకుంటారు.

3. ఖాళీ అట్టపెట్టెలు చించి పారేయకుండా వాచ్‌మన్ గది పక్కన పోగేయాలి.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఊరుకోకండి. ఇంటికొకరు రండి, చెయ్యెత్తి తీర్మానం గెలిపించండి!

ఇట్లు,
కొందరు తల్లిదండ్రులు