‘లేచిపోయింది’ అంటే కథ ముగిసినట్టేనా?

పదిహేనేళ్ల ఆడపిల్లల చేతికి హత్యల నవలలు, రహస్యాల నవలలు ఇవ్వొచ్చా అని మన కార్యకర్తలే అడుగుతున్నారు. చదువు పాడవుతుందట, మనసు చెడిపోతుందట. రావిర్యాలలో ఈ ఈడు పిల్లలతో కలిసి పుస్తకాలు చదివే నేను ఈ వాదనను ఒప్పుకోను.

రహస్యాలు వాళ్లకు నవలలు నేర్పాయా? దారిలో ఒకడు వెంటపడుతున్నాడని చెబితే ముందు మానిపించేది బడే కాబట్టి నోరు మూసుకుంటారు. స్నేహితురాలు చనిపోతే గట్టిగా ఏడవడానికి కూడా భయం. ‘నీకు ముందే తెలుసా?’ అని అనుమానం తమ మీదికే వస్తుంది. దుఃఖాన్ని కూడా దాచుకోమని నేర్పింది మన ఇళ్లు, మన బడులు.

మా పొరుగు జిల్లా యాదాద్రి భువనగిరిలోని హాజీపూర్‌ను గుర్తు చేసుకుందాం. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న ఒక పిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. తవ్వితే అదే బావిలో మార్చిలో కనబడకుండా పోయిన ఇంకో అమ్మాయి! 2015లో మాయమైన మరో పిల్ల ఆనవాళ్లు ఇంకో బావిలో! బస్సు లేని దారిలో బండి ఎక్కించుకుంటానన్న ఊరివాడే హంతకుడు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. కానీ మొదటి పిల్ల ఏమైందో తేలడానికి నాలుగేళ్లు ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నకు శిక్ష జవాబు కాదు.

ఆడపిల్ల కనబడకపోతే మనం మొదట వినే మాట ‘ఎవడితోనో లేచిపోయి ఉంటుంది’. ఆ ఒక్క మాటతో వెతకడం ఆగిపోతుంది. పరువు పోతుందని తల్లిదండ్రులు ఆగుతారు, అదే సాకుగా పోలీసులు ఆగుతారు. నిజానికి పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. రాసి, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలోనే చెప్పింది. ఈ సంగతి ఎన్ని ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

మన తరం కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని, మధుబాబు షాడోని దొంగచాటుగా చదివింది. వాటిలో పరిశోధన మగవాడి పని. ఆడది చాలాచోట్ల శవం, లేదంటే ఎర. అలాంటి పుస్తకాలే మళ్లీ ఇమ్మని నేను అనడం లేదు. 2019లో ఇంగ్లీషులో వచ్చిన హాలీ జాక్సన్ నవలలో, ఊరంతా ముగిసిందనుకున్న కేసును ఒక బడిపిల్ల తిరగతోడుతుంది. మన పిల్లలకు కావలసింది అలాంటి ప్రశ్న. అది రావిర్యాల భాషలో, బస్సు లేని దారి మీద, హాస్టల్ గదిలో పుట్టాలి.

‘పేర్లు బయటపడితే ఆడపిల్లలకే నష్టం కదా’ అంటారు. పేరు దాచడం వేరు, నిజం దాచడం వేరు. 2012 పోక్సో చట్టం బాధితురాలి పేరును కాపాడుతుంది. నేరం తెలిసినవాళ్లు చెప్పకపోవడాన్ని అదే చట్టం నేరమంటుంది. మొదటిది పిల్లకు రక్షణ, రెండోది హంతకుడికి రక్షణ.

కాబట్టి సంఘాలుగా మనం చేయవలసింది ఇది. పిల్ల కనబడలేదని తెలిసిన రోజే ఇంటివాళ్లతో స్టేషన్‌కు వెళ్లాలి. రాత వచ్చిన మనవాళ్లు ఈ ఈడు పిల్లల కోసం రాయాలి. పిల్లలు గుంపుగా కూర్చుని చదివి, ఏడ్చి, అడిగే చోటు ప్రతి ఊళ్లో ఉండాలి. ప్రశ్నలడిగే పిల్ల చెడిపోదు. ఆమె తన స్నేహితురాలిని ‘లేచిపోయింది’ అన్న మాట కింద పూడ్చనివ్వదు.